వేట ఆగిన రోజుల్లో ఊరు దొరుకుతుంది: ఉద్దానం తీరంలో ఒక కేస్ స్టడీ

సెప్టెంబరు మూడో శనివారం అంతర్జాతీయ తీర శుభ్రతా దినం. 1986లో అమెరికాలోని టెక్సాస్ ఒడ్డున మొదలైన అలవాటు మెల్లగా మన శ్రీకాకుళం జిల్లా తీరంలోని బారువ, భావనపాడు, కళింగపట్నం దాకా వచ్చింది. ఆ పొద్దున్న ఏం జరుగుతుందో ఈ తీరంలో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. కాలేజీ బస్సు వస్తుంది. బ్యానరు కడతారు, గ్లవ్స్ తొడుక్కుంటారు, ఎండ ముదిరేలోగా గోనె సంచులు నింపుతారు, ఉప్మా పొట్లాలు పంచుతారు, ఫొటో దిగుతారు. పదింటికి బస్సు వెళ్ళిపోతుంది. నింపిన సంచులు మాత్రం ఒక్కోసారి వారం దాకా సరుగుడు తోట పక్కనే పడుంటాయి. వాటిని కుక్కలు చింపుతాయి.

తీరగ్రామాలకూ బయటినుంచి వచ్చే వాలంటీర్లకూ మధ్య పని కుదర్చడం నా ఉద్యోగం. ఉద్దానంలోని ఒక మత్స్యకార గ్రామంలో కొన్నేళ్ళుగా మేం చేసిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు చెప్పడం లేదు. అక్కడి ఇసుకలో సముద్ర తాబేళ్ళు గుడ్లు పెడతాయి. చోటు బయటపడితే కాపలాకి వచ్చేవాళ్ళ కంటే సెల్ఫీలకు వచ్చేవాళ్ళే ముందు చేరతారు.

మొదటి తీర శుభ్రతా దినం నాడు చేపల గంప దించుకుని మమ్మల్ని చూస్తూ నిలబడిన ఒక పెద్దమ్మ అన్న మాట ఈ పనికంతటికీ దారి చూపింది. "మీరొచ్చి ఏరీసి ఎల్పోతారు బాబూ. రేపు పోటుకి మల్లీ అదే సెత్త. మా మొగోళ్ళు ఊళ్ళో లేని దినం సూసి ఒచ్చినారు, మీతోటి ఎవులు సేత్తారు?"

మొదటి మాట మాకు కొత్త కాదు, ఎక్కడికెళ్ళినా వినేదే. చివరి మాట దగ్గర ఆగాం.

ఊళ్ళో ఎవరు ఎప్పుడుంటారు

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఇంత పొడవు సముద్రం ఉన్నా శ్రీకాకుళం మత్స్యకారుల్లో చాలామంది వేట మన సముద్రంలో ఉండదు. గుజరాత్‌లోని వేరావల్ లాంటి రేవుల్లో మరబోట్ల మీద కూలికి పోతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైనవాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళేనన్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పడమటి తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అది తీరగానే ఆగస్టులో వీళ్ళు రైలెక్కుతారు. మళ్ళీ వేసవిలో, కొందరు ముందుగా, కొందరు నిషేధం మొదలయ్యాక తిరిగొస్తారు.

ఊళ్ళోనే ఉండి ఇక్కడి సముద్రంలో వేటాడేవాళ్ళకు నిషేధం వేరు. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. నిషేధ భృతి పేర్ల నమోదు, బ్యాంకు పనులు, వలల మరమ్మతు, పెళ్ళిళ్ళు, అమ్మవారి పండగలు అన్నీ అప్పుడే పడతాయి. 2025 ఏప్రిల్ 26న ఆ భృతిని 20,000 రూపాయలకు పెంచి ఇచ్చింది కూడా మన జిల్లాలోనే, ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో.

రెండు నిషేధాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే జూన్ 1 నుంచి 14 దాకా రెండూ కలుస్తాయి. ఆ రెండు వారాలు ఊరంతా ఊళ్ళోనే ఉంటుంది. సెప్టెంబరు మూడో శనివారానికి సముద్రం కోపంగా ఉంటుంది, వలసపోయిన మగవాళ్ళు గుజరాత్‌లో ఉంటారు, ఉన్నవాళ్ళు నాలుగు చేపలు దొరికే రోజు కోసం కాచుకుని ఉంటారు. ప్రపంచ పర్యావరణ దినం జూన్ 5 మాత్రం ఆ రెండు వారాల మధ్యలో వచ్చి పడింది. 1972 స్టాక్‌హోమ్ సమావేశం గుర్తుగా పెట్టిన తేదీకీ మన వలలకూ సంబంధమేమీ లేదు. అయినా మాకు అంతకంటే అనువైన రోజు దొరకలేదు.

ఈ లెక్క ఏ కాగితం మీదా దొరకదు, ఊళ్ళో కూచుని రాసుకోవాలి. మేం రామమందిరం అరుగు మీద పెద్దలతో కూచుని నేల మీద సుద్దముక్కతో పన్నెండు గళ్ళు గీశాం. ఏ నెలలో ఎవరుంటారు, ఏ నెలలో చేతిలో డబ్బుండదు, డ్వాక్రా సంఘాల సమావేశం ఏ తేదీన, సంతలు ఏ రోజుల్లో, పదో తరగతి, ఇంటర్ పరీక్షలు ఎప్పుడు, ఏ నెలలో గాలి ఎటు తోలుతుంది, అన్నీ ఆ గళ్ళలోకి వచ్చాయి. మగవాళ్ళు చెప్పిన గళ్ళను ఆడవాళ్ళు వచ్చి దిద్దారు. మా వైపు పని మొదలుపెట్టాలనుకునే ఏ సంస్థకైనా ముందు ఈ పన్నెండు గళ్ళు గీయమనే చెబుతాను. బ్యానరు తర్వాత రాయించుకోవచ్చు.

తాబేళ్ళు వచ్చేది మగవాళ్ళు లేనప్పుడే

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. పైన ఒడిశాలో ఋషికుల్య నది మొగ దగ్గర అవి లక్షల్లో ఒక్కసారిగా ఒడ్డెక్కుతాయి. ఆ మొగ పక్కనున్న పొడంపేట లాంటి ఊళ్ళలో ఉండేది కూడా తెలుగు మత్స్యకారులే, మనవాళ్ళకు చుట్టరికాలున్నాయి. మన దగ్గర అలా గుంపుగా రావు. రాత్రికి ఒకటి, రెండు రాత్రులకు ఒకటి. వచ్చిన తాబేలు పోటుగీత పైన పొడి ఇసుకలో మూరెడు లోతున గుంట తీసి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఒళ్ళంతా ఊపుతూ ఇసుకను అదిమి, తెల్లారేలోగా నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. ఇసుక మీద మిగిలేది ట్రాక్టరు టైరు వెళ్ళినట్టుండే జాడ ఒక్కటే. తెల్లారితే మనుషుల అడుగులు దాన్ని చెరిపేస్తాయి. అంతకంటే ముందే కుక్కలు, నక్కలు వాసన పట్టేస్తాయి.

కాబట్టి ఈ పని చీకట్లో, జనవరి నుంచి మార్చి దాకా, రోజూ చేయాలి. ఆ నెలల్లో ఊళ్ళో ఉండేది ఎక్కువగా ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. పరీక్షల వల్ల పెద్ద పిల్లలు దొరకరు.

ఈ పనిని మేం రెండుగా విడగొట్టాం. రాత్రి కాపలా, గూళ్ళు వెతకడం, గుడ్లను హేచరీకి, అంటే కాపాడి పొదిగించే చోటికి, మార్చడం కూలి ఇచ్చి చేయించాల్సిన పనులు. అటవీ శాఖ అనుమతి, పర్యవేక్షణ లేకుండా ఎవరూ గుడ్డు ముట్టుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు ఎక్కువ రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్లను మార్చడంలో మెలకువ కూడా ఉంది. పెట్టిన కొన్ని గంటల్లోనే మార్చేయాలి, ఎలా ఉన్న గుడ్డును అలాగే ఎత్తాలి. ఆలస్యమయ్యాక దొర్లిస్తే లోపలి పిండం చచ్చిపోతుంది. హేచరీలో పొదిగే చోటు వేడిని బట్టి పిల్లలు ఆడో మగో తేలుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి వస్తాయి, అంతకు మించితే ఆడవే. మార్చి ఎండకు హేచరీ మీద తాటాకు పందిరో గ్రీన్ నెట్టో వేసేది అందుకే. ఇంత బాధ్యత ఉన్న పనిని "సేవ" పేరుతో రోజుకూలి మీద బతికే ముసలాయన చేత ఉచితంగా చేయించడం నాకు న్యాయంగా తోచదు. పట్నం వాలంటీరుకు నిద్ర చెడితే మర్నాడు ఆదివారం ఉంటుంది. ఆయనకు ఉండదు. కాపలాదారులకు సీజనంతా గౌరవ వేతనం దొరికేలా చూడటం మా మొదటి షరతు. డబ్బు తక్కువైన ఏడాది కాపలా దూరం తగ్గించాం గానీ కూలి ఎగ్గొట్టలేదు.

రెండో రకం పని ఎవరి దినచర్యలో వాళ్ళు ఎలాగూ చేసేదే. దానికి చిన్న తోడు పెడితే చాలు. తెల్లవారుజామున ఒడ్డుకు ముందుగా చేరేది చేపలు కొనే ఆడవాళ్ళు. పడవ రాగానే చేపలు ఎత్తుకుని పలాస, టెక్కలి, సోంపేట ఆటోలు పట్టుకోవాలి కాబట్టి చీకటుండగానే వస్తారు. జాడ కనిపిస్తే కాపలాదారుకు ఫోన్‌లో ఒక మాట చెప్పమని అడిగాం. జాడను తొక్కకుండా పక్కన ఒక కర్ర గుచ్చమన్నాం. అంతే. శిక్షణ శిబిరం పెట్టలేదు, టీ షర్టులు పంచలేదు. అలివి వల లాగే పెద్దలు తీరం మీద ఎక్కడ ఇసుక కోసుకుపోయిందో, ఎక్కడ కొత్తగా మేట వేసిందో రోజూ చూస్తూనే ఉంటారు. హేచరీ చోటు వాళ్ళే చూపించారు. మేం మొదట అనుకున్న చోటును ఒకాయన చూసి "ఈడొద్దు బాబూ, అమాస పోటు ఈడి దాకా ఎక్కీద్ది" అన్నాడు. నిజంగానే ఎక్కింది.

ఇక నమ్మకం సంగతి. శ్రీకూర్మం గుడి ఉన్న జిల్లా మనది. వలలో తాబేలు పడితే చేతులు జోడించి వదిలేసే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. బయటినుంచి వచ్చినవాళ్ళు "తాబేళ్ళను చంపకండి" అని ఉపన్యాసం మొదలుపెడితే ఊరికి అవమానంగా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. ఒడ్డున కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళలో చాలావరకు మరబోట్లు లాగే ట్రాల్ వలల్లో చిక్కి, ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక మునిగిపోయినవే. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటకే. ఆ గీత దాటి లోపలికొచ్చే మరబోటు తాబేలును చంపుతుంది, మనవాళ్ళ వలలనూ తెంపుతుంది. ఊళ్ళో కదలిక వచ్చింది ఈ రెండో మాటతోనే. చచ్చిన తాబేలు కనిపిస్తే ఫొటో, తేదీ, చోటు రాసి అటవీ సిబ్బందికి పంపడం కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లల పనిగా పెట్టాం. ఒకే కళేబరాన్ని రెండుసార్లు లెక్కపెట్టకుండా సిబ్బంది దాని డిప్ప మీద రంగు గుర్తు వేస్తారు. అదే పుస్తకంలో పక్క పేజీలో తెగిన వలల వివరం కూడా రాయడం మొదలుపెట్టాక మత్స్యకార సంఘం ఆ పుస్తకాన్ని తమదిగా చూసుకుంది.

ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి. ఆ గంటలను ఒక్క శిబిరంలో ఖర్చుపెట్టకుండా జనవరి నుంచి మార్చి దాకా ఇద్దరిద్దరు చొప్పున తీరం వెంట పొద్దుటి నడకలకు పంచమని కాలేజీ ప్రోగ్రాం అధికారిని అడిగాం. ఒక కాలేజీ ఒప్పుకుంది, ఇంకోటి ఫొటో పెద్దగా రాదని ఒప్పుకోలేదు.

జూన్ 5న రామమందిరం దగ్గర

పర్యావరణ దినం అంటే మొక్క. అందులోనూ తీరమైతే సరుగుడు మొక్క. రెండింటి మీదా నాకు అభ్యంతరముంది. మన వైపు నైరుతి వానలు నిలదొక్కుకునేది జూన్ రెండో సగంలో. అయిదో తారీకు నాటిన మొక్క ఆ పది రోజులు బతికితే బతుకుతుంది. జూలైలో వనమహోత్సవానికి నాటితే అంత అవస్థ ఉండదు. సరుగుడును పోటుగీత దాకా తెచ్చి నాటితే తాబేలు గుంట తీసే పొడి ఇసుకంతా వేర్లతో, రాలిన ఆకులతో నిండిపోతుంది. తితలీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చాక గాలికి అడ్డుగోడ కావాలన్న కోరిక ఊళ్ళో బలంగా ఉంది. అది న్యాయమైన కోరికే. ఆ గోడ ఇసుకదిబ్బ వెనకాల ఉండాలన్నదే మా మాట. దిబ్బ ముందు వైపు బాలబందు తీగను, రావణుడి మీసాలనే ముళ్ళగడ్డిని ఉన్నచోటే వదిలేస్తే అవే ఇసుకను పట్టి ఉంచుతాయి. శుభ్రం చేయడానికి వచ్చిన పట్నం పిల్లలు చాలాసార్లు బాలబందు తీగను పిచ్చిమొక్క అనుకుని పీకేస్తారు. ఇప్పుడు నడక మొదలవడానికి ముందు తీగను చూపించి, దాని ఊదారంగు పువ్వు గుర్తుపట్టించాకే సంచులు ఇస్తున్నాం.

మరి జూన్ 5న ఏం చేస్తాం? వలలు బాగుచేసుకునే చోటికే పనిని తీసుకెళ్తాం. రామమందిరం ముందు, వేపచెట్ల కింద, పడవల నీడన ఆ రోజుల్లో ఊరంతా వలల మధ్య కూచుని ఉంటుంది. తెగిన కన్నులు కోసి కొత్తవి అల్లుతుంటే నైలాన్ ముక్కలు ఇసుకలో రాలుతాయి. తొలి వానకు అవన్నీ సముద్రంలోకి పోతాయి. ఒడ్డున ఏరిన చెత్తను విడదీసి తూచినప్పుడు బరువులో ముందుండేవి ఈ వలలు, తాళ్ళే. షాంపూ సాచెట్లు, గుట్కా పొట్లాలు లెక్కకు ఎక్కువ, బరువుకు తక్కువ. కాబట్టి ఒడ్డున ఏరడం కంటే అల్లే చోట పట్టుకోవడం తేలిక. స్తంభానికి, చెట్టుకి, పడవ కొమ్ముకి గోనె సంచులు కట్టాం. ముక్క రాలితే సంచిలో. పాత సామాన్లు కొనే వ్యాపారితో ముందే మాట్లాడి ఉంచాం. నైలాన్ వల విడిగా, శుభ్రంగా ఉంటే కొంటాడు, ఇసుకా తాడూ కలిసుంటే తీసుకోడు. సంచి డబ్బు ఎవరికి అన్నదాని మీద పెద్ద గొడవే జరిగింది. చివరికి ఏ పడవ దగ్గరి సంచి ఆ పడవవాళ్ళదే అని తేల్చుకున్నారు. మేం అనుకున్నట్టు ఊరి నిధికి వెళ్ళలేదు. వాళ్ళు తేల్చుకున్నదే నిలబడింది.

వేరావల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఈ పనిలోకి వచ్చిన తీరు మేం ఊహించనిది. అక్కడి పెద్ద రేవుల్లో మరబోట్లు, పెద్ద వలలు చూసినవాళ్ళు. తాబేలు తప్పించుకుపోయేలా ట్రాల్ వలలో అమర్చే జల్లెడ లాంటి పరికరం గురించి మేం బొమ్మ వేసి చెబుతుంటే ఒకతను లేచి బొమ్మలో తప్పు దిద్దాడు. అది పెడితే చేప కూడా పోతుందని ఓనర్లు ఎందుకు భయపడతారో, నిజంగా ఎంత పోతుందో అక్కడ పనిచేసినవాళ్ళకే తెలుసు. ఆ తర్వాత ఆ ముక్క చెప్పే పని వాళ్ళకే వదిలేశాం.

అదే రోజు, అదే అరుగు మీద, ఇంకో బల్ల కూడా వేస్తాం. దాని కథ వేరు. తాబేళ్ళ మాట ఎత్తగానే ఊళ్ళో ఆడవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "మా నీళ్ళ సంగతేటి?" ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు చూసినవాళ్ళు అలా అడగకపోతేనే వింత. పర్యావరణం అంటే వాళ్ళకు ముందు బిందెలో నీళ్ళే. జల్ జీవన్ మిషన్ కింద ఒక్కో ఊళ్ళో ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పించాలన్న ఏర్పాటు ఉంది. ఆ ఐదుగురూ ఎవరో వెతికి, మూలపడ్డ కిట్ తీయించి, బోర్ల నీళ్ళు అందరి ముందూ పరీక్షించేలా చూశాం. ఉప్పదనం, గట్టిదనం, ఇనుము, ఫ్లోరైడు, నైట్రేటు లాంటివి దానితో తెలుస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, ఈ కిట్ దాన్ని తేల్చదు. ఆ మాట రంగు మారే గొట్టం చేతికివ్వకముందే చెప్పాం. లేకపోతే పచ్చరంగు చూసి నిశ్చింత, ఎర్రరంగు చూసి హడలు, రెండూ అనర్థమే. అయినా ఈ బల్ల దగ్గర పోగైనంత జనం వలల దగ్గర కూడా పోగవలేదు. తాబేళ్ళ పనికి వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ముందు ఈ బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళే.

పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు

తీరంలో జనం ఎగబడి వచ్చే కార్యక్రమం ఇదొక్కటే. గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజులకు పిల్లలు ఇసుకలోంచి పైకొస్తాయి, అంటే ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో. సహజంగా అవి వచ్చేది రాత్రిపూట. వచ్చిన వెంటనే ఒంట్లో ఉన్న కొద్దిపాటి సత్తువతో నీళ్ళలోకి పరుగెత్తి, ఒక రోజంతా ఈదుతూ లోపలికి పోవాలి. తొట్టిలో ఆపితే ఆ సత్తువ తొట్టి గోడలకు కొట్టుకోవడంలోనే అయిపోతుంది. ఎండెక్కాక వదిలితే ఇసుక కాలుతుంది, కాకులు, గద్దలు కాచుకుని ఉంటాయి.

ఒక ఏడాది ముఖ్య అతిథి ఆరింటికి వస్తానని ఏడున్నర దాటినా రాలేదు. మా కాపలాదారు ఎవరినీ అడగలేదు. వెలుగు రాగానే పిల్లల్ని ఇసుక మీద దించేశాడు, అవి నడిచి వెళ్ళిపోయాయి. అతిథి వచ్చేసరికి హేచరీ ఖాళీ. ఏం చూపించాలా అని అందరూ తల పట్టుకుంటే అటవీ సిబ్బంది ఒకరు పాత గూడు తవ్వి చూపిద్దామన్నారు. పిల్లలు వెళ్ళిపోయిన గూడును కొన్ని రోజులయ్యాక తవ్వి, పగిలిన పెంకులెన్ని, పొదగనివెన్ని, లోపలే చచ్చినవెన్ని అని లెక్కపెట్టడం ఎలాగూ చేసే పనే. బడిపిల్లలు చుట్టూ కూచున్నారు. పెంకులను పది పది చొప్పున వరసలు పేర్చారు. అతిథి కూడా కింద కూచుని లెక్కపెట్టారు. చివర్లో ఒక పిల్ల వేర్లలో చిక్కుకుని బతికే దొరికింది. ఫొటోలన్నీ దానివే.

అప్పటినుంచి మా దగ్గర అతిథుల కార్యక్రమం అంటే పెంకుల లెక్కే. పగలు చేయొచ్చు, అతిథి ఆలస్యమైనా నష్టం లేదు, పిల్లలకు లెక్కలూ వస్తాయి, తాబేళ్ళకు హాని లేదు. పిల్లల్ని వదలడం వేళకు ఉన్నవాళ్ళతోనే జరిగిపోతుంది. బయటివాళ్ళు చూడాలనుకుంటే తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి గీత వెనకాల నిలబడాలి. చేత్తో ఎత్తి నీళ్ళలో వేయనివ్వం. ఇసుక మీద నడిచి వెళ్ళడం వాటికి అవసరం. ఈ నియమం పెట్టాక వచ్చే జనం తగ్గారు. తగ్గడం మంచిదే అయింది.

ఇంకా కుదరనివి

దీపాలు. తాబేలు పిల్లలు వెలుతురున్న వైపు నడుస్తాయి. సముద్రం మీది ఆకాశం వెలుగు వాటికి దారి. ఒడ్డున ఎల్‌ఈడీ దీపం ఉంటే ఊళ్ళోకి నడిచి చస్తాయి. వీధి దీపాలకు సముద్రం వైపు రేకు అడ్డు పెట్టమని, సీజన్‌లో ఒడ్డు వరస దీపాలు రాత్రి పదింటికి ఆపమని గ్రామసభలో అడిగాం. ఆడవాళ్ళు వద్దన్నారు. చీకట్లో చేపలకు వెళ్ళేది వాళ్ళే, పాములుంటాయి, తాగుబోతులుంటారు. వాళ్ళతో వాదించడానికి మా దగ్గర మాట లేదు. రేకు అడ్డుకు ఒప్పుకున్నారు, ఆపడానికి ఒప్పుకోలేదు. రేకులు కొన్ని స్తంభాలకే పడ్డాయి.

చెత్త రవాణా. ఏరిన చెత్తకు పంచాయతీల్లో సంపద తయారీ కేంద్రాల షెడ్లున్నాయి. వల ముక్కల సంగతి వ్యాపారి చూసుకుంటాడు, సీసాలు కూడా అమ్ముడుపోతాయి. పొరలు పొరలుగా ఉండే చిప్స్ పొట్లాలు, సాచెట్లు ఎవరూ కొనరు, షెడ్డులో పేరుకుపోతాయి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై దేశమంతా నిషేధం ఉన్నా ఈ పొట్లాలు అందులో లేవు. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది కాబట్టి ట్రాక్టరు ఆ రోజైనా ఊళ్ళోకి వస్తుంది. సెప్టెంబరులో తీర శుభ్రతా దినం, స్వచ్ఛాంధ్ర ఒకే శనివారం పడతాయి. అందుకే ఆ రోజును పూర్తిగా వదిలేయలేదు. ఏరే పని ఆడవాళ్ళు, బడిపిల్లలు చేతనైనంత చేస్తారు. పట్నం బస్సు వస్తే రానిస్తాం గానీ ఒక్కటే షరతు: నింపిన ప్రతి సంచీ ట్రాక్టరెక్కాకే బస్సు కదలాలి.

జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒకటుండాలి, ఊరి మొక్కలు, జీవాలు, వాటి గురించి పెద్దలకు తెలిసినదంతా ఒక రిజిస్టరులో రాయాలి. మా ఊళ్ళో కమిటీ కాగితం మీద ఉంది. సభ్యుల్లో ఒకరికి తాము సభ్యులమనే తెలియదు. సుద్దముక్క గళ్ళలో చెప్పిందంతా ఆ రిజిస్టరుకు ఎక్కించాలని అడుగుతున్నాం. దీపాల తీర్మానం లాంటివి ఈ కమిటీ పేరు మీద వెళ్తే బలం ఎక్కువ.

రావాలనుకునేవాళ్ళకు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండి ఆదివారాలు ఖాళీగా ఉన్నవాళ్ళు చాలామంది "ఏదైనా కార్యక్రమం ఉంటే చెప్పండి" అని అడుగుతారు. జనవరి నుంచి మార్చి దాకా పొద్దుటి నడకకు రండి, కానీ ఒక్కసారి వచ్చి మానేసేలా అయితే వద్దు. నెలకొకసారైనా సరే, అదే ఊరికి, అదే కాపలాదారుతో రండి. ముందుగా ఆ మండలం చూసే అటవీ రేంజ్ కార్యాలయంలో పేరివ్వండి. తెల్ల టార్చి వద్దు, ఫోన్ ఫ్లాష్ అసలే వద్దు. ఎర్ర కాగితం చుట్టిన చిన్న లైటు చాలు. కుక్కను తీసుకురావద్దు.

అంత పొద్దున్నే లేవలేనివాళ్ళకు పక్షులున్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు శీతాకాలమంతా ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వానల మొదట్లోనే వస్తాయి. వాటిని సైబీరియా పక్షులని ఏటా రాస్తుంటారు గానీ ఈ మూడూ మన ఉపఖండపు పక్షులే, నీళ్ళనూ తిండినీ బట్టి చోటు మారుతుంటాయి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతాయి. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ ఉంటే మీ ఊరి చెరువు గట్టు మీద పావుగంట నిలబడి చూసినవన్నీ లెక్క రాయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినం కూడా ఆ రోజుల్లోనే. సోంపేట బీల అనే చిత్తడి నేలలను థర్మల్ ప్లాంటు నుంచి కాపాడుకోవడానికి 2010లో ప్రాణాలిచ్చిన జిల్లాలో ఆ తేదీకి చెరువు గట్టు ఎక్కడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు.

జూన్ మొదటి రెండు వారాల్లో వస్తే రామమందిరం దగ్గర మనుషుల కొరత ఉండదు, కాబట్టి చేతులు అక్కర్లేదు. తూకం కాటా, గట్టి గోనె సంచులు, పాత సామాన్ల వ్యాపారి దాకా వెళ్ళడానికి బండి కావాలి. అవి తెచ్చేవాళ్ళు ఏప్రిల్లోనే చెప్పాలి, ఎందుకంటే వ్యాపారి ధర మే నెలలో మాట్లాడుకుంటాడు.